రెండు మిల్లీమీటర్ల తేడా

నా బావమరిది ఆ రోజు నా మాట విన్నాడు. వాడు చేసిన తప్పు అది. ఇందులో వాదించడానికేమీ లేదు.

వాడు కార్ల మెకానిక్. నాది లేత్ పని. నా భార్య వాడికి సొంత అక్క. వెన్నులో మొదలైన జబ్బు ఆ ఏడు ఆమె కాళ్ళదాకా దిగింది. మామూలు సీట్లో పావుగంట కూర్చోలేకపోయేది. మా పాత కారులో ముందు సీటు పట్టాలు విప్పి, కొత్త రంధ్రాలు వేసి, దాదాపు పడుకునేలా వెనక్కి దించాను. అందులో మాత్రం ఎంత దూరమైనా వచ్చేది. ఆ సీటు ఇంకో బండిలో పట్టదు.

ఆమె కోరింది ఒక్కటే, పెద్దక్కను చూడాలని. ఆవిడ తుంటి విరిగి మంచం పట్టింది, కదిలి రాలేదు. మూడు గంటల దారి. "వెళ్ళాలనుకుంటే ఈ వారమే వెళ్ళండి" అన్నాడు డాక్టరు.

బయలుదేరే ముందురోజు పొద్దున కారు కింద పచ్చటి నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. రేడియేటర్‌కే ఒక పక్కన బిగించి ఉండే ప్లాస్టిక్ ట్యాంకు నిలువునా చిట్లింది. అతికిస్తే నిలవదన్నాడు బావమరిది. మధ్యాహ్నానికి కొత్త రేడియేటరే తెచ్చి షెడ్డులో బల్ల మీద పెట్టాడు.

"కంపెనీదేనా?" అన్నాను.

"బయట కంపెనీది బావా. ఒరిజినల్ కావాలంటే పైనుంచి రావాలి. వారమో, పది రోజులో. ఇదైతే సాయంత్రానికి బిగించేస్తా."

"డూప్లికేటు నా బండికొద్దు."

"డూప్లికేటు వేరు, ఇది వేరు. డూప్లికేటంటే ఒకడి పేరు కాజేసి అమ్మేది. వీడు తన పేరు తనే అచ్చేసుకుని అమ్ముకుంటున్నాడు, పాపం."

నేను వెర్నియర్ తీశాను. పాతదాన్ని పక్కన పెట్టి కొలిచాను. మందం సరిపోయింది. గొట్టాల మూతులు సరిపోయాయి. ఫ్యాను బిగించే బ్రాకెట్ రంధ్రం మాత్రం రెండు మిల్లీమీటర్లు పక్కకు ఉంది.

"చూశావా?"

"ఏముంది చూడ్డానికి? ఆకురాయితో నాలుగుసార్లు రుద్దితే బోల్టు దిగుతుంది. నీ చేతికి అదొక పనా?"

"రంధ్రం సాగదీసి బిగించడాన్ని పని అనరురా. కక్కుర్తి అంటారు."

"మరి ఆ సీటో? దాని రంధ్రాలు కంపెనీవాడొచ్చి వేశాడా బావా?"

పక్కన టైరు విప్పుతున్నవాడు కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ముప్పయ్యేళ్ళు లేత్ ముందు నిలబడ్డవాణ్ణి. అంతకన్నా తక్కువ తేడాకే చేసిన ముక్కలు తుక్కులో పారేశాను.

"దారిలో ఫ్యాను ఊడి రేడియేటర్‌ని చీరేస్తే, మీ అక్కను రోడ్డు పక్కన ఎక్కడ పడుకోబెట్టమంటావు? చెప్పు" అన్నాను.

వాడు ఫోను పట్టుకుని బయటికి వెళ్ళాడు. కాసేపటికి తిరిగొచ్చి, "సరే బావా, ఒరిజినలే తెప్పిస్తా" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు వాడు. నేను గెలిచాననుకున్నాను.

ఒరిజినల్ తొమ్మిదో రోజున వచ్చింది. రంధ్రాలన్నీ ఎక్కడివక్కడ కుదిరాయి. బోల్టు చేత్తో తిప్పితేనే దిగింది. బండి ఇంటికి తెచ్చేసరికి ఆమె దిండు మీంచి తల ఎత్తలేకపోతోంది.

"అయిందా అండీ బండి?"

"అయింది."

"బావుందా?"

"కొత్తదానిలా ఉంది."

"పోన్లెండి" అంది.

అక్కాచెల్లెళ్ళు ఫోన్లో మాట్లాడుకున్నారు. నేను గడప అవతల నిలబడ్డాను. తర్వాత పన్నెండు రోజులు బతికింది.

ఏడాది గడిచాక ఆయిల్ మార్పించడానికి వాడి షెడ్డుకి వెళ్ళాను. వాడి సొంత బండి బానెట్ ఎత్తి ఉంది. లోపల ఉన్నది ఆ బయట కంపెనీ పేరే అచ్చేసి ఉన్న రేడియేటర్. బ్రాకెట్ రంధ్రం ఆకురాయితో సాగదీసి ఉంది.

"ఇది వేసి ఎన్నాళ్ళయింది?"

"ఐదేళ్ళు."

"ఎప్పుడైనా ఆగిందా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"మరి ఆ రోజు ఈ బానెట్ ఎత్తి నాకెందుకు చూపించలేదురా?"

వాడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన వేళ్ళే మళ్ళీ తుడిచాడు. "చూపిద్దామనే అనుకున్నా బావా. ముందు అక్కకి ఫోన్ చేశా. బావ మొండికేశాడు, నువ్వన్నా చెప్పవే అన్నా. వద్దంది."

"ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు."

"'వాదించకురా. దారిలో బండికి ఏమన్నా అయితే ఆ మనిషి తనను తాను జన్మలో క్షమించుకోడు. ఆయన నమ్మిందే వెయ్యి. అక్కతో ఫోన్లో మాట్లాడుకుంటాలే' అంది."

అంటే వాడు విన్నది నా మాట కూడా కాదు. అయినా తప్పు తప్పే. ఆకురాయి వాడి చేతిలో ఉంది. బండి వాడి షెడ్డులో ఉంది. నన్ను బయటికి గెంటి, తలుపేసుకుని, బిగించి ఉండాల్సింది. నేను ఓ నెల అరిచేవాణ్ణి. ఆమె అక్కను చూసి ఉండేది.

వాడి కళ్ళు నిండాయి. నేను భుజం తట్టలేదు. ఆయిల్ మార్చమన్నాను. మార్చాడు.

మొన్న ఆ పెద్దక్కే, మా వదిన, ఫోన్ చేసి, "మరిదిగారూ, అప్పుడు దాన్నెందుకు తీసుకురాలేకపోయారు?" అని మెల్లగా అడిగింది. బండి చెడిందని చెప్పి పెట్టేశాను. ఇంకెవరు అడిగినా నా దగ్గర అంతకుమించి మాట దొరకదు. వాడి దగ్గరా దొరకదు. ఈ సంగతి నేను మళ్ళీ ఎత్తను.