బొటనవేలికి చెవులుండవు

"తుడిస్తే తుడువు గానీ తీగలు ముట్టుకోకు." పద్దెనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం మా ఆయన చెప్పే మాట ఇది. ముందుగదిలో మేకుకి ఆయన గిటారు వేలాడుతుంటుంది. మా ఇంట్లో కొత్తల్లుడి మర్యాద దక్కేది దానికొక్కదానికే. పని చెయ్యదు, పక్కకి జరగదు, దుమ్ము మాత్రం నేను దులపాలి. పెళ్లికి ముందు కొనుక్కున్నాడట. కార్డులంటారే, ఎడంచేత్తో తీగలు నొక్కే పట్లు, అవి నాలుగు, ఒక పాట వచ్చు. చుట్టాలొస్తే దాన్ని దించి, తీగలన్నీ కలిపి బరబరా గీకుతూ ఆ ఒక్క పాటా పాడతాడు. మధ్యలో తలుపు చప్పుడైతే గీకుడు ఆపకుండానే గడ్డం ఎగరేసి, "తలుపు తియ్యవే, నా చేతులు ఖాళీ లేవు" అంటాడు. అప్పటికి నా ఒక చేతిలో కప్పుల ట్రే, ఇంకో చేతిలో నీళ్ల జగ్గు ఉంటాయి. మోచేత్తో గడియ తీస్తాను. నా చేతులు ఖాళీ లేవన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

నేను లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను. రోజుకి నూటయాభై చొక్కాలు. నలభై రెండేళ్లు వచ్చినా ఓనరుకి నేను "అమ్మాయ్"నే. నా తర్వాత చేరిన కుర్రకారంతా అప్పుడే "సార్"లైపోయారు. మా షాపుకీ పక్క షాపుకీ మధ్య గోడ చెక్కగోడ. పక్కది వాయిద్యాలు బాగుచేసే చోటు. ఒకరోజు ఆ గోడ అవతల నుంచి ఇద్దరు గిటారు వాయిస్తున్నట్టు వినిపించింది. ఒకరు కింద లావు తీగల మీద నడుస్తున్నారు, దమ్ తక్, దమ్ తక్ అని. ఇంకొకరు పైన సన్నతీగల మీద ఏదో పాడుకుంటున్నారు. భోజనం టైములో తొంగిచూస్తే లోపల ఉన్నది ఒకే ఒక్క ముసలావిడ.

"రెండోవాళ్లు వెళ్లిపోయారా పిన్నిగారూ?" అన్నాను.

"ఇద్దరం ఇక్కడే ఉన్నాంగా" అంది. బొటనవేలు చూపించి "ఇదొకతె" అంది. మిగతా వేళ్లు ఆడించి "ఇవి దీని పిల్లలు. వాళ్లు ఎంత గంతులేసినా తల్లి నడక ఆగకూడదు. అంతే విద్య."

భర్త పోయాక ఆ షాపు ఆవిడే నడుపుతోంది. వచ్చిన ప్రతివాడూ "మేస్త్రి లేడా?" అంటాడు. "నేనే మేస్త్రిని, ఏం పగలగొట్టుకొచ్చావ్?" అంటుంది. నాకు ఆ జవాబు నచ్చింది. మర్నాటి నుంచి నా భోజనం పది నిమిషాల్లో ముగించి, మిగతా ఇరవై నిమిషాలూ ఆవిడ బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను.

మొదటి నెలంతా బొటనవేలే. అయిదో తీగ, నాలుగో తీగ, మళ్లీ అయిదు, మళ్లీ నాలుగు. కార్డు మారితే ఆరు, నాలుగు. అరచేతి మొదలు, తీగలు కట్టే వంతెన చెక్కకి ఆనించి పెట్టాలి, మోత గుమ్మనకుండా కాస్త అణిగి వస్తుంది. బస్సులో తొడ మీద కొట్టుకునేదాన్ని. ఎదుటి సీటాయన ఒకసారి లేచి వేరే సీట్లోకి వెళ్లిపోయాడు. కుడిచేతి గోళ్లు పెంచాను, ఎడమచేతివి మొదలంటా కత్తిరించాను. మా అత్తగారి కళ్లు మందగించాయంటారు గానీ ఆ గోళ్లు మొదటివారంలోనే కనిపించాయి. "ఒక చేతికి మహారాణి గోళ్లు, ఇంకో చేతికి పనిమనిషి గోళ్లు. ఇదేం వేషమే?" అంది. "రెండూ నేనేగా అత్తయ్యా" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నాకే అప్పుడు పూర్తిగా అర్థమవలేదు.

నాలుగో నెలలో, మా ఆయన కాళ్లు చాపుకుని పేపరు చదువుతూ, వార్త చెప్పినట్టు చెప్పాడు. "మూడు వారాల్లో చెల్లెలొస్తోంది. గిటారు దాని కూతురికి ఇచ్చేద్దామనుకుంటున్నా. ఇక్కడ ఊరికే పడుంది."

"నాకు కావాలి" అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది ఆ మాట. పెళ్లయ్యాక ఆ ఇంట్లో నేను ఎన్నో "కావాలి"లు అన్నాను. గ్యాసు కావాలి, బల్బు కావాలి, అత్తయ్యకి మాత్రలు కావాలి. "నాకు" అని ముందు తగిలించి అనడం అదే మొదలు. పేపరు కిందికి దిగింది. అత్తగారు పక్కగదిలోంచి "ఏం కావాలిట దానికి?" అని అరిచింది. విషయం చెప్పాక ఇద్దరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. చిన్నపిల్ల విమానం నడుపుతానంటే నవ్వే నవ్వు. అదే నన్ను ఎక్కువ మండించింది.

"సరే, ఒక పందెం" అన్నాడాయన. "వాళ్లొచ్చినరోజు ఒక్క పాట మొదలుపెట్టి, చివరిదాకా ఆగకుండా వాయించు. నీకే. ఎవరికీ ఇవ్వను."

ఓడిపోయే పందెం వేసే రకం కాదు మా ఆయన. నాకు వచ్చా రాదా అని కాదు ఆయన ధైర్యం. ఆ ఇంట్లో నేను మూడు నిమిషాలు వరసగా ఒకేచోట కూర్చోగలగడం ఎవరూ చూడలేదు. ఆయన నా వేళ్ల మీద పందెం కాయలేదు, నా అలవాటు మీద కాశాడు.

ఆయన గిటారుకి రెండో తీగ తెగి ఏడాదయింది. ఆయన గమనించలేదు. ఎత్తుకెళ్లి కొత్త తీగలు వేయించాను. ఆ రోజే పిన్నిగారి ముందు పాట మొత్తం వాయించబోయాను. పేరు లేని చిన్న నడక పాట, ఆవిడే నేర్పింది. రెండు వరసలు కాకుండానే బొటనవేలు ఆగింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆగింది. చేతకావడం లేదని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆవిడ జిగురుడబ్బా మూత పెట్టి నన్ను చూసింది. "కార్డు దగ్గర ఆగట్లేదు నువ్వు. నేను దగ్గినప్పుడు ఆగావు. ఇందాక మీ షాపులో ఎవరో అమ్మాయ్ అన్నప్పుడు ఆగావు. నిన్ను కాదు, ఇంకెవర్నో పిలిచారు. అయినా ఆగావు."

నిజమే. పాలు పొంగుతుంటే పిలిచినా ఆగాను, తల దువ్వుకుంటుంటే పిలిచినా ఆగాను, ఒకసారి ఏడుస్తుంటే పిలిస్తే ఏడుపు కూడా ఆపి వెళ్లి సాక్సు వెతికిచ్చాను. మిగిలిన ఏడుపు తర్వాత వచ్చి ఏడుద్దామనుకున్నాను, మరిచిపోయాను.

"బొటనవేలికి చెవులుండకూడదే" అంది పిన్నిగారు. "మాట్లాడుతూ వాయించగలిగితేనే అది నేర్చుకున్నట్టు లెక్క. నేను అడుగుతా, నువ్వు చెప్పు. వేలు ఆగిందా, మళ్లీ మొదటికి."

అలా రెండు వారాలు. బొటనవేలు నడుస్తుంటే ఆవిడ అడిగేది. మీ ఆయన చెప్పుల సైజు? తొమ్మిది. కాలరు? పదహారు. మీ అత్త మాత్రలు? పొద్దున రెండు, రాత్రి ఒకటి, తెల్లది తిన్నాక. అన్నీ చెప్పాను, వేలు తడబడలేదు. "నీకే రంగు ఇష్టం?" అంది. వేలు ఆగిపోయింది.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆవిడ నవ్వలేదు. "మొదటికి" అంది. నీలం అని చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. చెప్పినరోజు వేలు దాని పని అది చేసుకుంటూనే పోయింది, నాతో సంబంధం లేనట్టు. ఇస్త్రీ బల్ల దగ్గరికి తిరిగి వెళ్తుంటే ఓనరు "అమ్మాయ్, ఏంటా నవ్వు?" అన్నాడు. జవాబు చెప్పాను, నడక ఆపలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆడపడుచూ, ఆమె పదిహేనేళ్ల కూతురూ వచ్చారు. భోజనాలయ్యాయి. టీ కాచి ఫ్లాస్కులో పోసి, కప్పులు బల్ల మీద పెట్టాను. మేకు మీద నుంచి గిటారు దించుకుని, ఎప్పుడూ ఆయన కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. "కానీ, కానీ" అన్నాడాయన, ఆటకి టిక్కెట్టు కొన్నవాడిలా.

ముందు బొటనవేలు. దమ్ తక్, దమ్ తక్. నాలుగు అడుగులు దాన్నే నడవనిచ్చి, అప్పుడు పైన పాట ఎత్తుకున్నాను. అరనిమిషం కూడా కాలేదు.

"టీ ఏదీ?" అన్నాడాయన.

"ఫ్లాస్కులో ఉంది" అన్నాను. దమ్ తక్.

"నా కళ్లజోడు కనపడట్లేదే" అంది అత్తగారు.

"మీ నెత్తి మీద ఉంది అత్తయ్యా." దమ్ తక్.

"వదినా, ఫోను చార్జరెక్కడుంది?"

"ఫ్రిజ్జు వెనకాల ప్లగ్గుకి."

ముగ్గురూ తెలిసి చేశారా, అలవాటుకొద్దీ అన్నారా, ఇప్పటికీ నాకు తెలీదు. అలవాటే అయ్యుంటుంది. జవాబులిస్తున్న నన్ను నేనే, ఎవరో మనిషిలా, పక్కనుంచి చూస్తున్నట్టుంది. ఆమె వంట, ఆమె వెతుకులాట, ఆమె "ఇదిగో వస్తున్నా"లు అన్నీ పైన ఎక్కడో తేలుతున్నాయి. కింద మాత్రం ఒకతె నడుచుకుంటూ పోతోంది, ఎవరి కోసమూ వెనక్కి చూడకుండా. పాట సగం దాటింది. మా ఆయన ముఖంలో రంగు కొంచెం మారింది. కుర్చీ అంచుకి జరిగాడు.

"ఆగాగు. వంటింట్లో ఏదో మాడుతోంది" అన్నాడు.

ఒక్క క్షణం మడమ మీద బరువు పడింది. పద్దెనిమిదేళ్ల కాళ్లు లేవబోయాయి. వేలు మాత్రం అయిదు, నాలుగు, ఆరు, నాలుగు అనుకుంటూ వెళ్లింది. వేలు వెంట నేనూ వెళ్లాను.

"మాడదండీ" అన్నాను. "రాత్రికి నేనేం పొయ్యి మీద పెట్టలేదు."

చివరి వరస రెండుసార్లు వస్తుంది. మొదటిసారి గట్టిగా, రెండోసారి మెల్లగా. రెండోసారి ఎవరూ ఏమీ అడగలేదు. ఆఖరి తీగ మోత సన్నబడి గోడల్లోకి ఇంకిపోయేదాకా వేలెత్తి అలాగే ఉంచాను.

ముందు మాట్లాడింది ఆ పిల్లే. నేల మీద నా కాళ్ల దగ్గరికి జరిగి కూర్చుని ఉంది ఎప్పటినుంచో. "అత్తా, కింద వాయిస్తోంది ఎవరు?" అంది.

"నేనే" అన్నాను. "పైనా నేనే. వచ్చే ఆదివారం రా, చూపిస్తా."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. పందెం సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గిటారు నా ఒళ్లోనే ఉంది. "బాగానే ఉంది. సరే, అయిపోయిందిగా" అన్నాడు. "ఈ కప్పులు తియ్యి."

నేను అప్పటికే మళ్లీ మొదలుపెట్టాను.

"మీరు తియ్యండి. నా చేతులు ఖాళీ లేవు."