మేనల్లుడి కణాలకు నేను పెట్టిన మేత

నాది ముప్పై ఏళ్లుగా ఒకటే పని. మనుషుల రక్తంలోని కణాలను సీసాల్లో పెంచి, వాటి క్రోమోజోములను మైక్రోస్కోపు కింద ఫోటో తీసి, కత్తెరతో కత్తిరించి, జతలు జతలుగా అట్ట మీద అతికించడం. నా కణాలంత ఏపుగా మా ఆస్పత్రిలో ఇంకెవరివీ పెరగవు. ఇది గొప్ప కాదు, నిజం. సరే, కాస్త గొప్పే.

అక్క కొడుకుని అందరం దొరబాబు అంటాం. ఇరవై రెండేళ్లు. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లను అంచుకి అంచు కలిపి వాడిలా మడిచే మనిషి లేడు. కానీ గడియారం చూసి టైము చెప్పలేడు, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడు, అడిగిందే పదిసార్లు అడుగుతాడు. ఆరో నెలలో, అక్క పొయ్యి ఆర్పడానికి వెళ్లిన ఒక్క క్షణంలో, మంచం మీంచి కింద పడ్డాడు. వాడి బుద్ధి ఎదగకపోవడానికి అదే కారణమని అక్క ఆడపడుచు తేల్చేసింది. అక్క కాదనలేదు. నా బాధంతా అదే.

వాడి పద్నాలుగో ఏట నేనే పరీక్ష చేశాను. క్రోమోజోముల్లో ఏ లోపమూ కనిపించలేదు.

"చూశారా, పుట్టుకలో ఏమీ లేదు. పడేసినందుకే!" అని ఆడపడుచు నేను అతికించిన ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి అక్కావాళ్ల హాల్లో వేలాడదీసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, వెళ్లినప్పుడల్లా ఆ ఫ్రేము వంకర సరిచేసి ఓసారి మురిసిపోయేవాణ్ణి. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఈమధ్య మా విభాగానికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. లాండ్రీలో దొరబాబుని చూసి, ఏదో అనుమానమొచ్చి వాడి పాత స్లైడ్లు తీయించింది.

"ఎంత బాగున్నాయండీ! వీటికి ఏం పెట్టి పెంచారు?"

"మా ఇంటి పిల్లాడు కదమ్మా! ఉన్నవాటిలో బలమైన మేత పెట్టాను. ఫోలిక్ ఆసిడ్ కూడా రెండింతలు వేశాను."

ఆవిడ తల పట్టుకుంది. "అలా కడుపు నింపేస్తే ఎలాగండీ? కొందరికి ఎక్స్ క్రోమోజోము చివర ఒక పెళుసు చోటు ఉంటుంది. ఫోలిక్ ఆసిడ్ లేకుండా మాడిస్తేనే అది బయటపడుతుంది. పెళుసు చోట్లన్నీ జబ్బులు కావు. కానీ ఇది ఉన్న మగపిల్లల్లో చాలామందికి బుద్ధి ఎదుగుదల మందగిస్తోంది."

గారాబం చేసి కొంప ముంచింది నేనే.

మళ్లీ రక్తం తీద్దామంటే దొరబాబు చెయ్యి ఇవ్వడే! "మావయ్యకీ గుచ్చు, మావయ్యకీ గుచ్చు" అని ఒకటే పట్టు. చివరికి నాకూ గుచ్చారు. ఇద్దరి కణాలనూ నాలుగు రోజులు పస్తు పెట్టాను. చూస్తుంటే జాలేసి నా చెయ్యి రెండుసార్లు బలమైన సీసా మీదికి పోయింది. డాక్టరమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం చెవి తన దగ్గరే ఉంచుకుంది.

నా కణాల్లో ఏమీ లేదు. వాడివి వంద చూస్తే ఇరవై మూడింటిలో ఎక్స్ కొస తెగి వేలాడుతున్నట్టుంది. కారణం దాదాపు ఇదేనంది డాక్టరమ్మ.

కొత్త మిషను వచ్చింది, అందుకే ఇప్పుడు కనిపించిందని ఇంట్లో చెబితే సరిపోయేది. ఎవరికి తెలుస్తుంది? దారి పొడుగునా అదే వల్లించుకుంటూ వెళ్లాను.

"అక్కా, ఇది పుట్టుకతోనే ఉంది," అన్నాను. "తల్లి ఇచ్చే ఎక్స్‌లో వచ్చింది."

ఆడపడుచు ముఖం వెలిగిపోయింది. "అయితే మావైపు నుంచి కాదన్నమాట!"

"కాదు వదినగారూ, మావైపే. గట్టి ఎక్స్ నా వంతుకి వచ్చింది, పెళుసుది అక్క వంతుకి. ఎవరం ఏరుకోలేదు."

అక్కకి ఇవేవీ వినిపించలేదు. "మంచం మీంచి పడ్డందుకు కాదా?"

"కాదు."

"నేను పొయ్యి దగ్గరికి వెళ్లినందుకు?"

"కాదక్కా."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కాసేపటికి తలెత్తి, "మరి అప్పుడెందుకు కనిపించలేదురా?" అంది.

వల్లించిన మిషను నోటిదాకా వచ్చింది. ఆ కళ్లు చూశాక బయటికి రాలేదు.

"మనవాడని మరీ మేపాను. మాడ్చి ఉంటే అప్పుడే తెలిసేది. తప్పు నాది."

"ఎనిమిదేళ్లు!" అక్క లేచి నిలబడింది. "ఆ బొమ్మ ఎదురుగా కూర్చుని రోజూ భోంచేశాన్రా. ముద్ద దిగేది కాదు. నువ్వేమో దాన్ని చూసి మురిసిపోయేవాడివి! నడు బయటికి!"

చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాను.

నెల తర్వాత బావ ఫోన్ చేశాడు. "మీ అక్క ఇంకా నిన్ను తిడుతూనే ఉందోయ్. పొద్దున లేస్తే నీ పేరే. కాస్త వచ్చి బతిమాలుకో."

"వద్దు బావా," అన్నాను. "ఇన్నేళ్లూ తనను తానే తిట్టుకుంది. ఇక కొన్నాళ్లు నన్ను తిట్టనీ."