వేయించిన విత్తనాలు

తడి గోనెపట్టా మీద వంద గింజలు పరిచి, పైన ఇంకో పట్టా కప్పి, ఐదు రోజులు పూటపూటకీ నీళ్ళు చిలకరించాను. ఐదో రోజు పొద్దున్న పట్టా ఎత్తి చూస్తే వందకి వందా ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. ఒక్కదానికీ తెల్లటి ముక్కు రాలేదు. కొన్ని మెత్తబడి కంపు కొడుతున్నాయి.

మా ఆవిడ అసిరమ్మ చీపురు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది.

"ఏటది? వారం నుంచి సూస్తన్నాను. గోనె కింద ఏటో దాసి నీళ్ళు పోస్తన్నావు. కన్నబిడ్డలకి సెయ్యనేదు ఇంత సేవ."

"ఒడ్లు."

"మొలిసేయా?"

"నేదు."

"నీ సేత్తో పెడితే ఏటి మొలుస్తాదిలే. పారబొయ్యి, పందికొక్కులొస్తాయి."

పారబోయడానికి అవి నావి కావు. బిసాహిన్ బాయివి. కర్గీ రోడ్ స్టేషన్లో దిగి అడవి అంచునే నాలుగు మైళ్ళు నడిస్తే వస్తుంది ఆవిడ ఊరు. అరవై దాటిన మనిషి, నేను దాయీ అని పిలుస్తాను, వాళ్ళ మాటలో అమ్మా అని. ఎకరం పొలం. ఆ పొలంలో తప్ప ఆ చుట్టుపక్కల ఎక్కడా లేని వరి పండిస్తుంది. పేరు కౌవాపంఖీ. గింజ మీద పొట్టు నల్లగా ఉంటుంది, కొసన నల్లటి మీసం. కాకి రెక్కలాగే ఉంటుంది, పేరు ఊరికే రాలేదు.

ఆ విత్తనం ఆవిడ నాకిచ్చింది. నాకంటే నాకు కాదు, హరియర్ సమితికి. నెహ్రూ నగర్‌లో రెండు గదులు అద్దెకి తీసుకుని నడిపే సంస్థ అది, హరియర్ అంటే పచ్చదనం. అధ్యక్షుడు శేషగిరిరావుగారు, బ్యాంకులో మేనేజరుగా చేసి దిగిపోయినాయన. కార్యదర్శి మాధవీలత మేడమ్, ఎమ్మెస్సీ బోటనీ, భర్తకి బొగ్గు గనుల ఆఫీసులో పెద్ద ఉద్యోగం. బడి పిల్లలకి మట్టి గురించీ నీళ్ళ గురించీ చెప్పడం, ఆదివారాలు ఆఫీసు ముందు బల్లేసి కోదో బియ్యం, అంటే మన అరికెలు, ఉలవలు, అడవి తేనె అమ్మడం, పాత వరి రకాలు పోగుచేసి గాజు సీసాల్లో దాచడం, ఇదీ పని. పని మంచిదే. కాదనను. కోదో అన్నం గొప్పతనం గురించి గంటసేపు మాట్లాడి ఇంటికెళ్ళి సన్నబియ్యం తినే మనుషులు చేసినా మంచిపని మంచిపనే.

ఊళ్ళు తిరిగేది మాత్రం నేను. మా నాన్న తెలుగు పల్లె వదిలి ఈ హిందీవాళ్ళ పట్నానికి వచ్చి రైల్వే లోకో షెడ్డులో ఖలాసీగా, అంటే కూలీగా, చేరాడు. ఏడో తరగతిలో నేను బడి మానేశాను. ఇవాళ కాకపోతే రేపు రైల్వేలో వేస్తారని నలభై ఏళ్ళు వచ్చేదాకా కూలికి గునపం పడుతూ షెడ్డు గేటు ముందు నిలబడి, చివరికి సమితిలో చేరాను. ఏడేళ్ళయింది. కరపత్రాల మీద వాళ్ళిద్దరి పేర్లూ ఉంటాయి. నా పేరు ఎప్పుడూ పడలేదు. ఒక్కసారి మాత్రం "తదితరులు" అని పడింది.

కోతలైన కొత్తలో బిసాహిన్ బాయి ఇంటికి వెళ్ళాను. గుమ్మానికి నల్ల వరికంకులు జడలా అల్లిన ఝాలర్ వేలాడుతోంది. పిచ్చుకలు తింటాయని అక్కడ ప్రతి ఇంటికీ కడతారు. ఆవిడ విత్తనాల కుండ నా ముందుకి తెచ్చి, సగం తన దగ్గర ఉంచుకుని సగం నా సంచిలో పోసింది.

"మా ఇంట్లో ఎలకలు, కప్పు కారుతుంది. మీ దగ్గర గాజు ఉందంటున్నావు. అక్తి నాటికి తెచ్చిస్తావా బాబూ?"

అక్తి అంటే మన అక్షయ తదియే. ఆ రోజు ఇంటింటి నుంచీ విత్తనాల వడ్లు ఆకుదొన్నెలో పోసి తెచ్చి ఊరి ఠాకుర్ దేవ్ ముందు పెడతారు. ఆ తర్వాతే ఎవరి పొలంలో వాళ్ళు గింజ వేస్తారు.

"తెచ్చిస్తాను దాయీ. పూచీ నాది," అన్నాను. సమితిది అనలేదు. నాది అన్నాను.

జనవరిలో ఒక బడిలో కార్యక్రమం జరిగింది. ఒక పిల్ల లేచి, మంచి విత్తనమని రైతుకి ఎలా తెలుస్తుందని నన్నే అడిగింది. గింజ పంటి కింద పెట్టి కొరికితే టక్కుమనాలమ్మా అని చెబుతున్నాను. మేడమ్ మైకు అందుకుంది.

"పిల్లలూ, పోలయ్యగారు చదువుకోలేదు కదా, పాపం ఆయనకి తెలిసినట్టు చెప్పారు. శాస్త్రం ఏమంటుందో ఇప్పుడు నేను చెప్తాను."

పదిమందిలో ఉంటే పోలయ్యగారు, ఆఫీసులో పోలయ్య. అది అలవాటే. కానీ పిల్లలంతా నవ్వారు. మా రైల్వే క్వార్టర్ల పిల్లలు కూడా నవ్వారు. ఆ రోజే అనుకున్నాను, ఇక అడిగితే తప్ప నోరు విప్పకూడదని.

ఫిబ్రవరిలో సమితికి డబ్బిచ్చే పెద్దవాళ్ళు ఢిల్లీ నుంచి చూడటానికి వస్తున్నారని ఉత్తరం వచ్చింది. బల్ల మీద ముందు వరసలో కౌవాపంఖీ సీసా పెడదామన్నారు మేడమ్. నల్లగా మెరుస్తూ ఫొటోకి బాగుంటుందట. తీరా చూస్తే సీసాలో ముక్కుపురుగులు పాకుతున్నాయి. రేపే రాక. మందుగోళీ వేద్దామంటే, పురుగుమందులు వద్దని కరపత్రాలు పంచిన సంస్థ.

మేడమ్ కాసేపు ఆలోచించి నవ్వింది. "మా అమ్మ ఉప్మారవ్వకి పురుగు పట్టకుండా ఏం చేసేదో తెలుసా? దోరగా వేయించి డబ్బాలో పోసేది. ఏడాదైనా పాడయ్యేది కాదు. మందూ లేదు, మాకూ లేదు!"

టీ పెట్టే స్టవ్వు మీద ఇనప మూకుడు పెట్టింది. అందులో పోసిన వడ్లని గరిటెతో కలుపుతూ, మధ్యమధ్య చెయ్యి పెట్టి వేడి చూసుకుంటూ, ఎంతో శ్రద్ధగా వేయించింది. ఆ పక్కనే కుళాయి దగ్గర నేను టీ గ్లాసులు కడుగుతున్నాను. పేలాల వాసన వచ్చింది. వైశాఖం ఎండలో రెండు పూటలు ఎక్కువ ఉంచితేనే విత్తనం పోతుందని భయపడతారు రైతులు. అది నాకు తెలుసు. మూడు మాటలు చాలు. మేడమ్, అవి విత్తనాలు. అంతే. మూడు మాటలూ నాలిక మీద ఉన్నాయి.

గ్లాసులు కడిగేసి బోర్లించాను.

ఢిల్లీవాళ్ళు వచ్చారు, మెచ్చుకున్నారు, ఫొటో తీసుకున్నారు. "రసాయనాలు లేని నిల్వ" అని మేడమ్ ఒక చార్టు కూడా రాసి గోడకి అంటించింది. దోరగానే కదా వేగింది, ఏమీ కాదులే అని నాకు నేను చెప్పుకుంటూ రెండు నెలలు గడిపాను. అక్తి దగ్గర పడ్డాక ఇక ఆగలేక గోనెపట్టా తడిపాను.

ఆ పట్టాని పళ్ళెంలో పెట్టి ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అక్తికి ఇంకా తొమ్మిది రోజులుంది.

శేషగిరిరావుగారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "నీళ్ళు ఎక్కువ పోశావేమోనయ్యా."

మేడమ్ పళ్ళెం వంక చూసింది, స్టవ్వు వంక చూసింది. మొహం పాలిపోయింది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"వేయించాను. విత్తనాలు వేయించాను. నేను ఎమ్మెస్సీ బోటనీ, పోలయ్యా."

"తెలుసండి. బడిలో అందరికీ చెప్పారు కదండి."

"నువ్వక్కడే ఉన్నావు కదా. ఎందుకు చెప్పలేదు?"

"మీరడగలేదండి."

ఆ మాట అనడానికి జనవరి నుంచి కాచుకుని ఉన్నాను. అన్నాక ఎంత బాగుంటుందో అనుకున్నాను. ఏమీ బాగాలేదు.

శేషగిరిరావుగారు గొంతు సవరించుకున్నారు. "అయిందేదో అయింది. ఆ సీసా పట్టుకెళ్ళి ఆవిడకి ఇచ్చెయ్. మొలవకపోతే వాన మీదకి పోతుంది, లేకపోతే పిట్టల మీదకి పోతుంది. ఢిల్లీవాళ్ళ రిపోర్టు ఇంకా రాలేదు. ఇప్పుడిది బయటికి పొక్కిందా, విత్తనాలిచ్చిన ముప్పై ఊళ్ళవాళ్ళూ వచ్చి మన గుమ్మంలో కూర్చుంటారు."

"వద్దండీ," అంది మేడమ్. "ఉన్నమాట చెప్పాలి. నేనే వస్తాను. మనిద్దరం వెళ్దాం పోలయ్యా."

వెళ్దామన్నది నిజంగానే అంది. కానీ మర్నాడు పాపకి జ్వరం. తర్వాత వాళ్ళాయన ఆఫీసువాళ్ళకి ఇంట్లో భోజనాలు. ఆ తర్వాత ఏదో మీటింగు. చూస్తూండగానే అక్తి ముందురోజు వచ్చేసింది. ఆఫీసు గుమ్మంలో సీసా నా సంచిలో పెడుతూ, నా మొహం చూడకుండా, "నా పేరే చెప్పు పోలయ్యా. నేనే చేశానని చెప్పు," అంది.

"చెప్తానండి," అన్నాను. చెప్పకుండా ఎలా ఉంటాను?

ప్యాసింజరు బండిలో కర్గీ రోడ్‌లో దిగి నడిచాను. చెప్పబోయే మాటలు దారంతా నెమరేసుకున్నాను. చదువుకున్నవాళ్ళు దాయీ, గొప్పవాళ్ళు, మా మేడమే చేసింది.

బిసాహిన్ బాయి వాకిలి పేడతో అలుకుతోంది. అరుగు మీద కొత్త ఆకుదొన్నె ఒకటి కుట్టి పెట్టి ఉంది.

"వచ్చావా బాబూ! నిన్నటి నుంచీ దారి చూస్తున్నాను. రేపు అక్తి అని మరిచిపోయావేమో, పట్నంవాడివి కదా అనుకున్నా."

నాకు ఒకే ఒక ఆశ మిగిలి ఉంది. "దాయీ, నువ్వు ఉంచుకున్న సగం ఎలా ఉంది?"

"ఇంకెక్కడి సగం?" చేతులు కడుక్కుంటూ మామూలుగా చెప్పింది. "ఫాల్గుణంలో మనవరాలికి పురుడొచ్చింది. బాలింతకి పెట్టడానికి ఇంట్లో గింజ లేదు. దంచి వండేశాను. మా అత్తగారి కాలం నుంచీ ఈ ఇంట్లో ఎవరూ విత్తనం తినలేదు, కరువులో కూడా. కానీ నీ దగ్గర గాజులో ఉందిగా. అదే ధైర్యం."

సంచిలోంచి సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఏమీ చెప్పక్కర్లేకపోయింది. మూత తీసింది, వాసన చూసింది. ఒక గింజ తీసి పంటి కింద నొక్కింది. నావైపు తిరిగింది.

"ఎవరు వేయించారు?"

"మా మేడమ్."

దారంతా మోసుకొచ్చిన మాట. బయటికొచ్చి ఆ పేడ నేల మీద పడి ఊరుకుంది.

"ఆవిడకేం తెలుసు, పట్నం బిడ్డ. నువ్వెక్కడున్నావు?"

"అక్కడే. గ్లాసులు కడుగుతున్నాను."

"వాసన రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

పదేళ్ళ పిల్లలు నన్ను చూసి నవ్వారని ఆ వాకిట్లో నిలబడి ఎలా చెప్పను? ఆవిడ తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో. అలికిన చోటే, తడి మీదే సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తర్వాత తల ఎత్తి గుమ్మం వంక చూసింది. పిచ్చుకలు తినగా ఝాలర్ గడ్డితాడులా మిగిలింది. జడ మడతల్లో మాత్రం ముక్కు దూరని చోట అక్కడక్కడా నల్లగా ఏదో కనిపిస్తోంది.

"దించు," అంది.

రోలు బోర్లించి ఎక్కి దించాను. పిచ్చుకలు నా తల మీదే ఎగురుతూ రచ్చ చేశాయి.

"విప్పు. ఒక్కటి రాలి పోయిందా, ఊరుకోను."

ఎండ వాలేదాకా ఆ జడ విప్పుతూ కూర్చున్నాను. సన్నటి అల్లిక. నావి గునపం పట్టిన చేతులు. ఒక్కో గింజా దొరికినప్పుడల్లా మూకుట్లో వేశాను. ఈలోగా ఆవిడ సీసా అడుగున పిడికెడు వడ్లు వదిలి మిగతావి రోట్లో పోసి దంచింది. చెరిగి, పొయ్యి మీద పెట్టింది. సాయంత్రం బండి కూత దూరంగా వినిపించి పోయింది. దాంతోపాటు నేను తిరిగి వెళ్ళాల్సిన బండీ పోయింది.

ఆకులో అన్నం, పచ్చిమిరపకాయ, ఉప్పు పెట్టింది. తినను అనబోయాను.

"తిను. ఇప్పుడవి బియ్యమే, విత్తనాలు కావు."

తిన్నాను. ఏడేళ్ళు ఈ వరి గొప్పతనం గురించి మాట్లాడుతూ తిరిగినవాణ్ణి, తినడం అదే మొదటిసారి.

"బాగుందా?"

"బాగుంది దాయీ."

"బాగుంటుంది. బాగుందనే దాచాం ఇన్నాళ్ళూ."

మూకుట్లో గింజలు లెక్కపెట్టింది. నలభై మూడు. అరచేతిలో సగానికి కూడా రాలేదు.

"దొడ్లో కుండ పెంకుల్లో వేస్తాను. మూడు పంటలు తీస్తే కుండెడవుతాయి. అప్పటికి నేనుంటే. మీ గాజింటికి మాత్రం ఇవ్వను బాబూ, మళ్ళీ అడగకు."

"అడగను."

దొన్నె దగ్గరికి లాక్కుంది. రేపు ఠాకుర్ దేవ్ ముందు పెట్టడానికి నలభై మూడులోంచి ఒక్కోటీ ఏరి అందులో వెయ్యసాగింది. ఒకటి, రెండు, మూడు. నా వల్ల కాలేదు.

"దాయీ, వద్దు! ఉన్నవే అవి. దేవుడికి ఆ వేయించినవి పెడితే ఏం? సీసా అడుగున ఇంకో పిడికెడున్నాయి. దేవుడేం మొలిపించుకుంటాడా? ఒక్కో గింజా ఒక్కో దుబ్బు అవుతుంది దాయీ, నా మాట విను."

బిసాహిన్ బాయి నాలుగో గింజ వేళ్ళ మధ్య పట్టుకుని నన్ను పైనించి కిందికి చూసింది.

"ఇప్పుడొచ్చిందా నోరు?" అంది.

నాలుగోది వేసింది. ఐదోది కూడా వేసింది.