ఆ సున్నా నేను వెయ్యను

పరీక్షలు పెట్టే అమ్మాయికి పిల్లలు పెట్టిన పేరు బొమ్మలక్క. సంచీ నిండా బొమ్మల కార్డులతో బడికి వచ్చేది మరి. రెండు సంగతుల మధ్య పోలిక పట్టుకుని మూడోదాన్ని అర్థం చేసుకోవడం పిల్లలకు ఏ వయసులో అబ్బుతుందో తేల్చే పరిశోధన అది. పక్షి పక్కన గూడు పెట్టి చూపించి, కుక్క పక్కన ఏది పెట్టాలో అడగాలి. కుక్కకు కట్టిన చిన్న ఇల్లు, ఎముక, పిల్లి, ఇంకో కుక్క: నాలుగు కార్డులు. ఇల్లు తీస్తే ఒకటి, ఇంకేది తీసినా సున్నా. ఎందుకని అడగకూడదు.

వెల్డరు కూతురు, రెండు జడల ఏడేళ్ళ పిల్ల, టక్కున ఎముక తీసింది. బొమ్మలక్క సున్నా వెయ్యబోయి ఆగింది. నోరు ఊరుకోలేదు.

"ఎముక ఎందుకమ్మా?"

"గూడు పిట్టే కట్టుకుంది కదక్కా! ఈ ఇల్లు కుక్క కట్టుకోలేదుగా, మనుషులు కట్టారు. కుక్క తనంతట తాను తెచ్చుకునేది ఎముకే." ఆ మాత్రం తెలీదా అన్నట్టు చూసింది.

బొమ్మలక్క సున్నా వెయ్యలేదు. అప్పట్నుంచి తప్పు చెప్పిన ప్రతివాళ్ళనీ కారణం అడిగి, కాగితం వెనక రాసుకుంది. ఇరవై ముగ్గురిలో తొమ్మిదిమంది ఇలా ఏదో ఒక పోలిక పట్టుకునే తప్పు కార్డు తీశారు.

పరిశోధన నడిపే మేడమ్ ఆ కాగితాలు తిరగేసి మండిపడ్డారు.

"నిన్నెవరు అడగమన్నారు? అందరినీ ఒకేలా అడగాలని చెప్పానా లేదా? సున్నాలు వేసి సంతకం పెట్టు. ఎల్లుండి వ్యాసం పంపాలి."

"అడగడం నా తప్పే మేడమ్, ఒప్పుకుంటా. కానీ ఆ సున్నా నేను వెయ్యను."

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

"రాను మేడమ్. మీ చేత్తో మీరే వెయ్యండి. ఇదిగో పెన్ను."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఉద్యోగం పోతే అమ్మకు ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. మేడమ్ పెన్ను లాక్కున్నారు. కాగితం తిప్పి, వెల్డరు కూతురి మాటలు రెండుసార్లు చదివారు. సున్నా పడలేదు.

"తప్పు చెప్పినవాళ్ళకేనా కారణాలు? ఒప్పు చెప్పినవాళ్ళకి ఉండవా?" అన్నారు పంతంగా. "వెళ్ళి వాళ్ళనీ అడుగు. అప్పుడు మాట్లాడదాం."

మర్నాడు బొమ్మలక్క అందరికంటే ఎక్కువ మార్కులొచ్చిన బడికి వెళ్ళింది. కళ్ళద్దాల పాప ఒకతె గడగడా చెప్పేసింది: "కుక్కంటే కుక్క ఇల్లే. మాక్కూడా ఉంది. పిట్ట బొమ్మ నేను చూళ్ళేదు."

మరో ఆరుగురిదీ అదే వరస. పోలిక జోలికే పోకుండా మార్కు కొట్టేశారు.

సాయంత్రం ఆ జవాబులన్నీ మేడమ్ బల్లమీద పెట్టి నిలబడింది. మేడమ్ ఒక్కొక్క కాగితమే చదివి పక్కన పెట్టారు. పదేళ్ళుగా ఆ కార్డులతోనే ఎంతమంది పిల్లలకు మార్కులు వేశారో ఆవిడకు తెలుసు.

"నీకు నోరు మరీ ఎక్కువ," అన్నారు చివరికి.

"అవును మేడమ్."

"వ్యాసం ఈ ఏడు వెళ్ళదు. అంతా నీవల్లే."

"నావల్లేనని రాయండి మేడమ్. కింద నా పేరు కూడా పెట్టండి."

మేడమ్ నవ్వలేదు. తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కున్నారు.

"కూర్చో. ఎలా అడిగితే పిల్లలు బెదిరిపోకుండా కారణం చెప్తారో, ముందు అది చెప్పు."

బొమ్మలక్క కుర్చీ లాక్కుని ఆవిడ పక్కనే కూర్చుంది.