ఆగిపోయే మోత

కోయిలకుంట్ల పక్క నాపరాళ్ల గనిలో లేవి మాటకు ఎదురు లేదు. కోసి తెచ్చిన ప్రతి బండనూ నిలబెట్టి, చిన్న సుత్తితో నడిమధ్యన ఒక్క దెబ్బ వేసి, తల పక్కకు వంచి వినేవాడు. గట్టి బండ గంటలా మోగుతుంది, ఆ మోత సాగి సాగి సన్నగిల్లుతుంది. లోపల నెర్రె ఉన్న బండ మొద్దుగా పలికి అక్కడికక్కడే ఊరుకుంటుంది. కంటికి ఆనని నెర్రెను చెవితో పట్టే మనిషని, లేవి సరేనన్న బండను జనం కళ్లు మూసుకుని ఇంటికి ఎక్కించేవాళ్లు.

అట్లాంటి మనిషి చెవుల్లో రెండేళ్లుగా కీచురాళ్లు కాపురం పెట్టాయి. ముప్పై ఏళ్లు రంపం మిషన్ల పక్కన ఉత్త చెవులతో నిలబడినవాడికి రాకేం చేస్తాయి? పొద్దస్తమానం ఒకటే కీ అని మోత. భార్య విశ్వాసమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె వెల్లుల్లి కాచిన నూనె పోసి, దూది పెట్టింది. దూది పెట్టిన కొద్దీ మోత పెరిగింది. చెవిలో మోతకు సుత్తి చప్పుడే కారణమని, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన సుత్తి కూడా మార్చి చూశాడు.

అసలు తప్పు ఎక్కడ జరుగుతోందో మాత్రం తట్టలేదు. ఏ బండను కొట్టినా మోత సాగుతూనే ఉండేది. ఈ మధ్య గనిలో మంచి రాయి పడుతోందని సంతోషించాడు కూడా, పాపం. మోగుతున్నది బండ కాదు, ఆయన చెవి.

ఆ సంగతి బసవన్న ఇంట్లో బయటపడింది. బసవన్న చిన్ననాటి స్నేహితుడు. లేవి సరేనన్న బండనే గోడకు అటకగా వేయించుకున్నాడు. ఒక పొద్దున అది నడిమికి విరిగి, మీదున్న బియ్యం డబ్బాతో సహా కింద పడింది. సరిగ్గా ఆ కిందే బసవన్న మనవరాలి ఉయ్యాల. తల్లి అప్పుడే బిడ్డను నీళ్లు పోయడానికి ఎత్తుకుపోయింది కాబట్టి సరిపోయింది.

లేవి పరుగెత్తుకుంటూ వెళ్లి, నలిగిన ఉయ్యాలను చూసి గోడకు చేరగిలబడ్డాడు. బసవన్న కింద చిందిన బియ్యం ఎత్తుతున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. లేవి బయల్దేరేటప్పుడు నెమ్మదిగా చెప్పాడు.

"ఆ గోడ అట్లనే ఉండనీ లేవీ. కొత్త బండ నువ్వు కొట్టి చెప్పినంకనే ఎక్కిస్తా. ఇంకెవురి మాటా నాకొద్దు."

ఆ నమ్మకం లేవిని తిట్టుకన్నా ఎక్కువ కాల్చింది. మళ్లీ సుత్తి పట్టే ధైర్యం లేదు. ఆ బోసి గోడను చూస్తూ బతికే ధైర్యమూ లేదు. కూతురు దీవెనకు ఉన్నదంతా చెప్పేసి, ఆమె వెంట కర్నూలు బస్సెక్కాడు.

అక్కడ చెవి పరీక్షలు చేసే శివజ్యోతి అనే అమ్మాయి ఆయన్ను చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి పరీక్షించింది. సన్నటి శబ్దాలు వినే శక్తి బాగా తగ్గిపోయిందనీ, బయటి శబ్దం అందని చోట మెదడు తనే మోత పుట్టించుకుంటోందనీ, అది పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేననీ చెప్పింది. చెవుల వెనక పెట్టుకునే రెండు మిషన్లు చూపించింది. అవి శబ్దాన్ని పెంచేవని తెలిసి లేవి హడలిపోయాడు. మూలిగే నక్క మీద తాటిపండు!

"మోతతో సస్తాంటే ఇంకా మోత పెడ్తావా తల్లీ?"

"దూది పెట్టి చూశారు కదా పెద్దాయనా. బయటివాటిని లోపలికి రానివ్వండి, లోపలిది వెనక్కి జరుగుతుంది."

మిషన్లు తగిలించి తలుపు తీసింది. లేవి రెండడుగులు వేసి ఆగాడు. కింద ఏదో రాసుకుంటోంది. చూస్తే తన చెప్పులే. దీవెన గాజులు వినపడ్డాయి. ఆవరణలో వేపచెట్టు కిందికి వచ్చి తలెత్తాడు. ఆకులకు చప్పుడు ఉంటుందన్న సంగతే ఆయన మరిచిపోయాడు. కీచురాళ్లు ఎక్కడికీ పోలేదు. కాకపోతే సంతలో ఒక్కడు అరిచినట్టు గుంపులో కలిసిపోయాయి. ఇంత లోకం ఇన్నాళ్లూ తన పక్కనే నడుస్తూ ఉండిందా అని ఒళ్లు జలదరించింది. చర్చిలోకి అడుగుపెడుతున్నట్టు, తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.

అంతా సుఖమేం కాదు. ఇంట్లో గరిటె పడితే పిడుగు పడ్డట్టే ఉండేది. విసుగొచ్చి మిషన్లు తీసేస్తే కీచురాళ్లు మళ్లీ మీదికొచ్చేవి. పెట్టుకునేవాడు. తిట్టుకుంటూ పెట్టుకునేవాడు. వానలు మొదలయ్యే నాటికి చెవులు దారికొచ్చాయి.

అప్పుడు బసవన్న వాకిట్లో కొత్త బండ నిలబెట్టారు. లేవి సుత్తి ఎత్తాడు. కొట్టాడు. మోత లేచింది, సాగింది, సన్నబడింది, ఇంకా సన్నబడింది. పోయింది. అది పోయిన చోట కోడి గీరుతున్న చప్పుడు, లోపల బిడ్డ ఊ కొడుతున్న చప్పుడు. లేవి వంచిన తల ఎత్తలేదు. బసవన్నకు భయమేసింది.

"ఏమప్పా, నెర్రె ఉండాదా?"

"లేదప్పా. మంచి బండ." లేవి కళ్లు తుడుచుకున్నాడు. "మోత ఆగిపాయె బసవన్నా. ఆగిపోతాదని నేను మర్సేపోయింటి."

బండ ఎక్కించాక, ఉయ్యాల ఇంకో మూలకు కడదామంది కోడలు. బసవన్న ఒప్పుకోలేదు. పాత చోటే, ఆ బండ కిందే కట్టి బిడ్డను పడుకోబెట్టాడు. లేవి పక్కనే నేల మీద కూర్చుని ఉయ్యాల దగ్గరికి చెవి వంచాడు. బిడ్డ ఊపిరి వస్తోంది, పోతోంది. ఆయన వింటూ అట్లాగే కూర్చుండిపోయాడు.