చెల్లెలు చెప్పేసిన మాట

చెల్లెలికి ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున అక్క కడుపు భగ్గుమంది. పైకి మాత్రం నవ్వింది.

అక్క పళ్ల ల్యాబులో పనిచేసేది. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి కట్టుడు పళ్లు తయారుచేయడం, పక్క పంటి రంగుకు సరిపోయేలా కొత్త పంటికి రంగు కలపడం ఆమె పని. ముసలి యజమాని ఓపిక లేక ల్యాబు మూసేయడంతో ఇప్పుడు ఉద్యోగం వెతుక్కుంటోంది. సరిగ్గా అప్పుడే చెల్లెలికి గ్రంథాలయంలో పాత పటాలు స్కాన్ చేసే పని దొరికింది. అదీ ఎలాగనుకున్నారు? ఇంటర్వ్యూలో కూర్చోగానే, "నాకు ఆటిజం ఉందండీ. లైట్లు మరీ ఎక్కువైతే పనిచేయలేను. చెప్పేదేదో సూటిగా చెప్తే చక్కగా చేస్తాను," అనేసిందట. వాళ్లేమో విడిగా బల్ల వేయిస్తామన్నారట!

"నా చిన్నదానికి ఎంత గుండె ధైర్యమో!" అని అమ్మ ఫోనులో పిన్నికి చెప్పింది, అత్తయ్యకి చెప్పింది, రాంగ్ నంబరు వచ్చినా చెప్పేలా ఉంది.

అక్క పుట్టింటి వంటగదిలో గిన్నెలు తుడుస్తూ అంతా విన్నది. వాళ్లిద్దరికీ పదేళ్ల తేడా. అక్క చిన్నప్పుడు చుట్టాల కళ్లలోకి చూసేది కాదు. పొగరుబోతు అన్నారు. గోల భరించలేక చెవులు మూసుకుంటే చేతులు లాగి కిందికి దించారు. చెల్లెలూ అవే పనులు చేసే నాటికి కాలం మారింది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. తోడు వెళ్లింది అక్కే. డాక్టరు చెల్లెల్ని ఒక్కో ప్రశ్న అడుగుతుంటే వెనక కుర్చీలో ఉన్న అక్కకు ప్రతి ప్రశ్నా తననే అడుగుతున్నట్టుంది. తర్వాత ఒక్కతే వెళ్లి చూపించుకుంది. ఆమెకూ ఆటిజమే అన్నారు. ఆ సంగతి భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. తాను ఇన్నేళ్లు పంటి బిగువున దాచుకున్నదాన్ని చెల్లెలు నోరు తెరిచి చెప్పి మెప్పు కొట్టేయడం ఆమెకు మింగుడు పడలేదు.

అక్క ఒక కొత్త ల్యాబులో ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే, "నువ్వూ చెప్పేయరాదూ?" అన్నాడు భర్త.

"చెప్తే? చెల్లెల్ని చూసి ఇదీ మొదలుపెట్టిందంటారు."

"ఆ మాట అనేవాళ్లెవరూ అక్కడ ఉండరుగా!"

కొత్త ల్యాబు యజమాని ఒక డాక్టరమ్మ. ఆవిడ అక్కను లోపలికి తీసుకెళ్లి హాలు చూపించింది. కంప్రెసరు హోరు, దాన్ని మించి రేడియో, భుజాలు రాసుకుంటూ కూర్చున్న మనుషులు.

"ఇక్కడంతా ఒకే ఇంటివాళ్లలా ఉంటాం. కబుర్లు చెప్పుకుంటూనే పని. మీరింకేమైనా చెప్పాలా?"

చెల్లెలైతే ఈపాటికి చెప్పేసి ఉండేది. ఆ ఆలోచనకే అక్కకు ఒళ్లు మండింది. నోరు తెరిచింది. తీరా బయటికొచ్చింది వేరే మాట.

"మా చెల్లెలికి ఆటిజం ఉందండీ."

ఎందుకన్నదో ఆమెకే తెలియదు. డాక్టరమ్మ ముఖం జాలితో మెత్తబడింది.

"అయ్యో పాపం! చూసుకునేవాళ్లు ఉన్నారా? మీరు మాటిమాటికీ సెలవులు పెట్టాల్సొస్తుందేమో?"

"పాపమేంటండీ? అది ఉద్యోగం చేస్తోంది!" అక్క గొంతు పెరిగింది. "నాకూ ఉంది. నేనూ ఇన్నేళ్లు చేశాను."

డాక్టరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "మీకా? అలా కనిపించరే!" అంది. తర్వాత, కబురు చేస్తామంది. ఆ కబురు రానే లేదు.

అక్క అక్కణ్నుంచి నేరుగా అమ్మావాళ్లింటికి వెళ్లింది. చెల్లెలు కొత్త బట్టల మెడ దగ్గర గుచ్చుకునే లేబుళ్లు కత్తిరించుకుంటోంది.

"నీ సంగతి ఇవాళ బయట చెప్పేశానే," అంది అక్క.

చెల్లెలు కత్తెర పక్కన పెట్టింది. "నా సంగతి చెప్పడానికి నువ్వెవరు? నేను చెప్తే నా ఇష్టం. నువ్వు చెప్తే చాడీ."

"నాకూ అదే ఉందే."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"నీకు తెలిసిన కొన్నాళ్లకి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీమీద కుళ్లు."

చెల్లెలు ఓదార్చలేదు. "నాకు మాత్రం లేదనుకున్నావా? అక్కను చూసి నేర్చుకోవే, వచ్చినవాళ్లతో ఎంత కలుపుగోలుగా ఉంటుందో అని అమ్మ అన్నప్పుడల్లా నిన్ను కొరికేయాలనిపించేది. ధైర్యం అంటున్నారు అందరూ. ధైర్యమూ లేదు, పాడూ లేదు. దాచడం చేతకాక చెప్పాను. బట్టల షాపులో దాచి చూశా, వారం తిరక్కుండా పంపించేశారు."

"నాకు దాచడం వచ్చు. కానీ ఇంటికొచ్చి చీకటి గదిలో పడుకుంటే మళ్లీ లేవలేను."

"అది వచ్చినట్టా అక్కా?"

అక్క మాట మార్చింది. "ఇంకోచోటికి రమ్మన్నారు. అక్కడేం చెప్పను?"

"నీ నోరు, నీ ఇష్టం. నన్ను మాత్రం మధ్యలోకి లాగకు."

రెండో ల్యాబు చిన్నది. పెత్తనం చేసేది ఒక బట్టతల మేస్త్రీ. గోలలో పనిచేయలేనని, విడిగా బల్ల కావాలని, చెప్పేది కాగితం మీద రాసిస్తే మేలని అక్క చెప్పింది.

"ఎందుకని?" అన్నాడాయన.

తలనొప్పి అని చెప్దామనుకునే వచ్చింది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "నాకు ఆటిజం ఉందండీ," అంది.

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "మా దగ్గర అలాంటివాళ్లెవరూ చేయలేదమ్మా. నాకేం తెలియదు. మూల బల్ల ఒకటుంది గానీ అక్కడ చలి."

"స్వెటరు తెచ్చుకుంటాను."

"అయితే ఒక నెల చేసి చూడండి. మీకూ తెలుస్తుంది, మాకూ తెలుస్తుంది."

ఆ సాయంత్రం అమ్మకు అంతా చెప్పింది. అమ్మ నోరెళ్లబెట్టి, "నీకా? నువ్వు బానే ఉంటావు కదే!" అంది. కాసేపు కళ్లొత్తుకుంది. తర్వాత తేరుకుని, "ఏమైతేనేం, చిన్నదాన్ని చూసి నీకూ ధైర్యం వచ్చింది," అంది.

అక్క ఒళ్లు మళ్లీ భగ్గుమంది.

"నన్ను చూసి కాదమ్మా, నామీద ఏడ్చి చెప్పింది!" అని పక్కగదిలోంచి అరిచింది చెల్లెలు.

"నోర్ముయ్యవే!" అంది అక్క. కానీ ఆ మాట అబద్ధమని మాత్రం అనలేదు.