రజో పండగలో ఒట్టి కాళ్లు

పడమట మబ్బు నల్లగా దిగింది. ఝిల్లీ ఇంకా ఇంటికి రాలేదు. బైధర్ గుమ్మంలో నిలబడి రెండుసార్లు మెడ సాచి చూశాడు. మూడోసారి చెప్పులు కూడా తొడుక్కోకుండా బయల్దేరాడు.

ఝిల్లీ అతని కూతురి కూతురు. అతన్ని అజా అంటుంది, తాత అని. పద్నాలుగేళ్లు. ఆటిజం అని కటక్ డాక్టరు చెప్పి రెండేళ్లయింది. ఎవరైనా ముట్టుకుంటే ఓర్చుకోలేదు. ఏదైనా నియమం చెబితే ఇక వదలదు. పొద్దున బైధరే చెప్పాడు, రజో మూడు రోజులూ భూమి తల్లి ముట్టులో ఉంటుంది, ఆడపిల్ల ఒట్టి కాలు నేలకు ఆనించకూడదని. ఊళ్లో అందరూ చెప్పేదే.

దారిలో లిపునీ, మామీ పరుగున ఎదురొచ్చారు. ఝిల్లీతో చదివే పిల్లలు. నోళ్లు పండగ పాన్‌తో ఎర్రగా ఉన్నాయి.

"మా పిల్లేదే?"

"పండగ ఉయ్యాల మీదే ఉంది అజా. ఎంత పిలిచినా దిగదు, మహారాణి" అంది లిపునీ.

"చెప్పులున్నాయా దానికి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సరదాకి కాలవ గట్టున దాచాం అజా. అదీ నవ్వింది మాతోపాటు. తర్వాత చూస్తే కాలవలో కొట్టుకుపోయాయి" అంది మామీ.

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

బైధర్ అడుగుల వేగం పెంచాడు. పోయినేడు ఇదే నెలలో చెట్టు కింద నిలబడ్డ ఇద్దరి మీద పిడుగు పడింది.

ఊరి చివర మామిడిచెట్టు కింద, ఉయ్యాల చెక్క మీద ఝిల్లీ నిలబడి ఉంది. కాళ్లు వణుకుతున్నాయి. పెదాల మీద నవ్వు అలాగే ఉంది. ఆ నవ్వు లిపునీది. ఝిల్లీ రోజూ అద్దం ముందు దాన్ని నేర్చుకుంటుంది.

"దిగమ్మా. పిడుగులు పడతాయి."

"ఎల్లుండిదాకా కాలు ఆనించకూడదు కదా అజా."

"నేనే చెప్పాను. నేనే దిగమంటున్నాను."

"మీరు చెప్పినా భూమికి నొప్పే."

ఎత్తుకోబోతే కెవ్వుమంది. తాళ్లు మెలిపడ్డాయి. అతను వెనక్కి తగ్గాడు. బడి వరండా నలభై అడుగుల దూరంలో ఉంది. ఆకాశం ఒకసారి తెల్లబడింది.

బైధర్ భుజం మీది గమ్ఛా తువ్వాలును రెండుగా చింపాడు. ఒక ముక్క ఆమె ముందు పరిచాడు. గాలికి లేచిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని రెండు అరచేతులతో అదిమిపట్టాడు.

"దీని మీద పెట్టు."

చాలాసేపు చూసింది. ఒక కాలు పెట్టింది. అతని వేళ్లు నలిగాయి. రెండో ముక్క ముందు పరిచాడు. వెనకది తీశాడు. సగం దూరం వచ్చాక ఉరిమింది. ఆమె చెవులు మూసుకుని ఆగిపోయింది. పట్టుకోవడానికి లేదు. ఆ మట్టిలో అతను వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. మళ్లీ ఆమె అంతట ఆమె కాలు కదిపేదాకా తలెత్తలేదు.

వరండా ఎక్కాక వాన కుండపోతగా దిగింది.

"చెప్పులు దాచినప్పుడు నాకు నవ్వు రాలేదు అజా" అంది ఝిల్లీ. "వాళ్లు నవ్వారని నవ్వాను. రేపు మళ్లీ పిలుస్తారు కదా?"

వెళ్లొద్దు అనబోయాడు. ఇప్పుడేమన్నా పిల్ల ఆ మాటే జన్మంతా పట్టుకుంటుంది. పొద్దున ఒక్క మాటకే ఇంతైంది.

"నవ్వు రాకపోతే నవ్వొద్దమ్మా" అన్నాడు చివరికి.

"అప్పుడు పిలవరేమో."

అతనికీ అదే భయం. నలిగిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని, ఆమెకు తగలకుండా జరిగి కూర్చున్నాడు.